సోమవారం లోపు సంతకం పెట్టమన్నారు, పెట్టాలా వద్దా అని అడిగిన తమ్ముడికి

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివా. రెండేళ్ళు ఒక డైరెక్టర్ గారి దగ్గర రైటింగ్ టీమ్‌లో ఉన్నావు, ఇప్పుడు ఒక ప్రొడక్షన్ హౌస్ ఎనిమిది ఎపిసోడ్ల వెబ్ సిరీస్ నీ చేతికే ఇస్తామంది, ముప్పై పేజీల అగ్రిమెంటు మెయిల్ చేసి సోమవారం లోపు సంతకం పెట్టి పంపమంది. అందులో హక్కులన్నీ ఎప్పటికీ వాళ్ళవే, టైటిల్ కార్డు వాళ్ళిష్టం, స్క్రిప్టు మీద ఏఐ ఎలాగైనా వాడుకోవచ్చు అని ఉంది. పెట్టాలా వద్దా అని ఒక ప్రశ్న, హాలీవుడ్‌లో రైటర్లు సమ్మె చేసి సాధించుకున్నారు కదా మనం ఎందుకు చెయ్యలేకపోతున్నాం అని ఇంకో ప్రశ్న. నాకు రెండూ ఒకటే ప్రశ్నలా కనిపిస్తున్నాయి, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ముందు సూటిగా చెప్పేస్తా. సోమవారం సంతకం పెట్టకు. అవకాశం వదులుకోమని కాదు. "అగ్రిమెంటు చదివాను, నాలుగైదు చోట్ల మార్పులు అడగాలి, గురువారం కూర్చుందాం" అని మెయిల్ పెట్టు. ఫోన్లో చెప్పొద్దు, ఆఫీసుకి వెళ్ళి చెప్పొద్దు, మెయిల్ పెట్టు. వాళ్ళు నీకు పంపింది నీకోసం రాసింది కాదు, లీగల్ వాళ్ళు అందరికీ పంపే ఫార్మాట్, నీ పేరూ సిరీస్ పేరూ మార్చి పంపారు అంతే. అడిగితే మార్చే క్లాజులు అందులో చాలానే ఉంటాయి. అడిగేవాళ్ళు తక్కువ కాబట్టి అవి అలాగే ఉండిపోతున్నాయి. మార్పులు అడిగిన ఒక్క కారణానికి ప్రాజెక్టు పోవడం ఇరవై ఏళ్ళలో నేను చూసింది ఒక్కసారే, ఆ సినిమా తర్వాత ఎవరు రాసినా మొదలు కాలేదు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే నేను అడక్కుండా పదేళ్ళు పోగొట్టుకున్నా. 2001లో తెనాలి నుంచి వచ్చా, హైదరాబాద్ కృష్ణానగర్‌లో ముగ్గురం ఒక గది. మొదటి ఐదారేళ్ళు ఘోస్ట్‌గానే, అంటే నా పేరు పడకుండా వేరేవాళ్ళ కోసం, రాశా. 2006లో ఫిలింనగర్‌లో ఒక గెస్ట్‌హౌస్‌లో కూర్చోబెట్టి కోర్టు సీను రాయమన్నారు, తెల్లారితే షూటింగ్. రాత్రి పదకొండుకి మొదలుపెట్టి నాలుగున్నరకి పూర్తి చేశా, ఏ4 కాగితాలు పదిహేడు, చివరి మూడు పేజీలు నీళ్ళ గ్లాసు తగిలి తడిస్తే ఫ్యాన్ కింద ఆరబెట్టి ఇచ్చా. పొద్దున్నే మేనేజర్ వచ్చి రెండు వేలు చేతిలో పెట్టి కాగితాలు తీసుకెళ్ళిపోయాడు. సినిమా రిలీజైన రోజు ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో మార్నింగ్ షో చూశా. ఆ సీనుకి హాలంతా లేచి నిలబడింది, పక్కనాయన ఎవరో తెలీదు నా భుజం పట్టుకుని ఊపేశాడు. మాటలు అని పడిన కార్డులో నా పేరు లేదు. బయటికొచ్చి అమ్మకి ఫోన్ చేస్తే "నీ పేరు ఎక్కడ పడిందిరా" అని అడిగింది, ఏం చెప్పాలో తెలీక సిగ్నల్ లేదని పెట్టేశా. రెండు వేలు ఏమయ్యాయో గుర్తు లేదు గానీ ఆ ఫోన్ మాత్రం ఇవాళ్టికీ గుర్తుంది. తర్వాత నాలుగేళ్ళు నేను రైటర్‌నని ఎవరికి చెప్పినా "ఏం రాశారు" అనేవాళ్ళు, చూపించడానికి ఏమీ లేదు. టైటిల్ కార్డు అంటే పేరు కోసం పాకులాట అనుకుంటారు, కానే కాదు, తర్వాతి సినిమాకి నీ రెమ్యూనరేషన్ ఎంతో చెప్పేది అదే.

ఇప్పుడు నీ అగ్రిమెంటులోకి వద్దాం.

హక్కుల క్లాజు గురించి నువ్వు భయపడుతున్నావు, నిజానికి అక్కడ చట్టం నువ్వనుకున్నదాని కంటే నీ వైపే ఉంది. ఒకప్పుడు లేదు. 1977లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో పాట రాసినాయనా ట్యూన్ కట్టినాయనా నిర్మాత దగ్గర డబ్బు తీసుకున్నాక ఆ సినిమాలో తమ పని మీద హక్కు అడిగే దారి దాదాపు మూసుకుపోయింది. ముప్పై ఐదేళ్ళు అలాగే నడిచింది. ఎంతమంది పెద్ద పెద్ద పాటల రచయితలు చివరి రోజుల్లో మందులకి చెయ్యి చాచారో మన ఇండస్ట్రీలో అందరికీ తెలుసు, వాళ్ళ పాటలు ఆ రోజు కూడా రేడియోలో మోగుతూనే ఉన్నాయి. రాజ్యసభలో ఉన్నప్పుడు జావేద్ అఖ్తర్ గారు దీని మీద గట్టిగా పోరాడారు, 2012లో కాపీరైట్ చట్టం మార్చారు, ఆ ఏడాది జూన్ 21 నుంచి అమల్లో ఉంది. దాని సారం ఏంటంటే, సినిమాలో వాడిన రచనకి గానీ సంగీతానికి గానీ థియేటర్లో ఆ సినిమాతో కలిపి ఆడించడం కాకుండా ఇంకెక్కడ వాడుకున్నా వచ్చే రాయల్టీలో రచయితకి సమాన వాటా ఉంది, ఆ హక్కుని నువ్వు రాసిచ్చినా చెల్లదు, వదులుకున్నానని సంతకం పెట్టినా చెల్లదు. వారసులకో కాపీరైట్ సొసైటీకో ఇవ్వొచ్చు, నిర్మాతకి మాత్రం ఇవ్వలేవు. సినిమా అనే మాటకి చట్టంలో ఉన్న అర్థంలో వెబ్ సిరీస్ కూడా వస్తుంది.

పాటల వాళ్ళకి ఐపీఆర్ఎస్ అనే కాపీరైట్ సొసైటీ ఉంది, రాయల్టీ వసూలు చేసి పంచుతుంది, నాకు తెలిసిన పాటల రచయితలకి ఖాతాలో డబ్బు పడుతోంది. మనకి, అంటే కథ మాటలు స్క్రీన్‌ప్లే రాసేవాళ్ళకి, హక్కు కాగితం మీద ఉంది కానీ నా ఖాతాలో ఇప్పటిదాకా రాయల్టీ పేరుతో రూపాయి పడలేదు. అయినా నీ అగ్రిమెంటులో "రాయల్టీ ఏదీ అడగను" అనే లైను ఉంటే కొట్టెయ్యమను. చట్టం ముందు ఎలాగూ నిలవని లైను అని మర్యాదగా రాయి, వాళ్ళ లాయర్‌కి కూడా తెలుసు. రేపు వసూలు చేసే వ్యవస్థ వచ్చిననాడు మన కాగితం శుభ్రంగా ఉండాలి.

ఇంకో లైను చూడు, మామూలుగా పద్నాలుగో పేజీలోనో పదిహేనో పేజీలోనో ఉంటుంది, "సెక్షన్ 19(4) వర్తించదు" అని. చిన్న లైను, చదివేవాళ్ళు దాటేస్తారు. కాపీరైట్ చట్టంలోని ఆ సెక్షన్ ఏం చెప్తుందంటే, హక్కులు తీసుకున్నవాడు ఏడాదిలోపు వాటిని వాడకపోతే, అగ్రిమెంటులో వేరేగా రాసుకోకపోతే, హక్కులు నీకు తిరిగి వచ్చేస్తాయి. వర్తించదు అన్న ఆ ఒక్క లైనుతో నీ కథ వాళ్ళ బీరువాలో పదేళ్ళు పడున్నా నువ్వు ఏమీ చెయ్యలేవు. నా స్నేహితుడి కథ ఒకటి 2015 నుంచి అలాగే ఉంది, వాళ్ళు తియ్యరు, వేరేవాళ్ళకి ఇవ్వనివ్వరు. ఏడాది తక్కువే, సిరీస్‌కి టైమ్ పడుతుంది, అది న్యాయమే. కాబట్టి మూడేళ్ళు అడుగు. మూడేళ్ళలో షూటింగ్ మొదలవకపోతే కథ నాకు తిరిగొస్తుంది, తీసుకున్న అడ్వాన్సు వేరే నిర్మాత దొరికినప్పుడు వెనక్కి ఇస్తాను అని రాయించుకో. నేను 2021లో ఇదే అడిగా, రెండు రోజుల్లో ఒప్పుకున్నారు.

డబ్బు దగ్గర ఒకే ఒక్క పదం వెతుకు. అప్రూవల్. "మొదటి డ్రాఫ్ట్ అప్రూవ్ అయిన తర్వాత 20 శాతం" అని ఉందా, "మొదటి డ్రాఫ్ట్ అందజేసిన తర్వాత" అని ఉందా. మొదటిదైతే మార్పించు. అప్రూవల్ ఎవరు ఇవ్వాలి, ఎన్నాళ్ళలో ఇవ్వాలి అని ఎక్కడా ఉండదు. నాకు 2014లో జరిగింది ఇదే. డ్రాఫ్ట్ ఇచ్చా, "బావుంది కానీ" అన్నారు. ఆ "కానీ" ఎనిమిది నెలలు నడిచింది, పదకొండు వెర్షన్లు రాశా, ఒక్కదాన్నీ అప్రూవ్ చేశాం అనలేదు, చూస్తే అందులో సీన్లతోనే షూటింగ్ మొదలైపోయింది. వెళ్ళి గొడవ చేస్తే బ్యాలెన్సుకి చెక్కు ఇచ్చారు, అది బౌన్స్. మేనేజర్ "అన్నా వచ్చే వారం మళ్ళీ వెయ్యి, హీరో గారి డేట్ల టెన్షన్‌లో ఉన్నాం" అంటే సరే అని ఆగా, మళ్ళీ ఇంకో వారం అంటే మళ్ళీ ఆగా. చెక్కు చెల్లేది మూడు నెలలే, బౌన్స్ మెమో వచ్చిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, రెండూ దాటిపోయాయి. మంచితనంతో ఆగాననుకున్నా, కేసు పెట్టే దారిని నా చేత్తో నేనే మూసేసుకున్నానని లాయర్ చెప్పేదాకా తెలీలేదు. అందుకని డెలివరీ అని రాయించు, ఎన్ని డ్రాఫ్టులో రాయించు (రెండు డ్రాఫ్టులు, ఒక పాలిష్, ఆపైన ప్రతిదానికీ విడిగా డబ్బు), చివరి బ్యాలెన్సు షూటింగ్ మొదటి రోజుకి ముందే రావాలని రాయించు. షూటింగ్ మొదలయ్యాక నీ ఫోన్ ఎత్తడానికి వాళ్ళకి తీరిక ఉండదు. ఇంకోటి, టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కట్ చేసి బ్యాంకులోనే వెయ్యమను, క్యాష్ వద్దు. కొత్తలో అందరూ క్యాష్ అయితే పన్ను పోదు కదా అని సంతోషపడతారు. నీ టీడీఎస్ లెక్క చూపించే ఇన్‌కమ్ ట్యాక్స్ స్టేట్‌మెంట్‌లో ఆ కంపెనీ పేరు మీద పడిన ఒక్క ఎంట్రీ, నువ్వు వాళ్ళకి పని చేశావని చెప్పే సాక్ష్యం, ఎవరూ కాదనలేనిది.

టైటిల్ కార్డు "నిర్మాత ఇష్టానుసారం" అన్నది ఒప్పుకోకు, దీని మీద మాత్రం నువ్వు లేచి వచ్చెయ్యడానికైనా సిద్ధంగా ఉండు. నువ్వు రచయితవని చెప్పుకునే హక్కు కాపీరైట్ చట్టం సెక్షన్ 57లో ఉంది, కాపీరైట్ అమ్మేసినా అది నీతోనే ఉంటుంది. "కథ, మాటలు, స్క్రీన్‌ప్లే: ఫలానా" అని కార్డు ఎలా పడాలో అక్షరాలా రాయించు, ప్రతి ఎపిసోడ్‌కీ, పోస్టర్ మీదా, ప్లాట్‌ఫాం పేజీలోనూ. తర్వాత ఇంకో రైటర్‌ని తెచ్చుకుంటే ఆయన పేరు నీ పేరు పక్కన పడాలి గానీ నీ పేరు స్థానంలో కాదు.

ఏఐ క్లాజుకి నేను రెండు లైన్లు అడుగుతా, నువ్వూ అడుగు. నా డ్రాఫ్టులు ఏ ఏఐ సిస్టమ్‌కీ ట్రైనింగ్‌కి ఇవ్వకూడదు అని ఒకటి. ఏఐతో రాయించిన సీన్లు నాకిచ్చి బాగు చెయ్యమంటే దానికి తిరగరాత రేటు కాదు, కొత్తగా రాసినట్టే డబ్బూ కార్డూ అని రెండోది. ఈ రెండోది నా తెలివి కాదు, అమెరికా రైటర్ల అగ్రిమెంటు చదివి తెచ్చుకున్నది.

అక్కడికే వస్తున్నా. 2023లో అమెరికాలో రైటర్స్ గిల్డ్ (రైటర్ల యూనియన్) వాళ్ళు మే 2న పని ఆపారు, సుమారు 11,500 మంది, 148 రోజులు. జూలైలో నటీనటులు కూడా కలిశారు, వాళ్ళది 118 రోజులు. రైటర్లూ నటులూ ఒకేసారి సమ్మెలో ఉండటం 1960 తర్వాత అదే. 1960లో గొడవ పాత సినిమాలు టీవీకి అమ్ముకుంటుంటే మా వాటా ఏదీ అని. 2007లో మళ్ళీ సమ్మె, వంద రోజులు, ఇంటర్నెట్‌లో వచ్చేదానికి మా వాటా ఏదీ అని. 2023లో స్ట్రీమింగ్. సినిమా చూపించే కొత్త దారి వచ్చిన ప్రతిసారీ ఇదే గొడవ చూడు, తీసినవాళ్ళు "ఇది కొత్త మార్కెట్, లాభం వస్తుందో లేదో తెలీదు" అంటారు, రాసినవాళ్ళు "వచ్చాక అడిగితే ఇవ్వరు కాబట్టి ఇప్పుడే రాసుకుందాం" అంటారు. ఒకప్పుడు టీవీ సీజన్ అంటే ఇరవై రెండు ఎపిసోడ్లు, రైటర్‌కి ఏడాదిలో ఎక్కువ భాగం పని. స్ట్రీమింగ్ వచ్చాక ఎనిమిదీ పదీ అయ్యాయి, షో ఓకే కాకముందే ఇద్దరు ముగ్గురిని కొన్ని వారాలు కూర్చోబెట్టి మొత్తం రాయించుకుని పంపించేసే మినీ రూములు వచ్చాయి. నువ్వు రెండేళ్ళు టీమ్‌లో చేసింది దాదాపు అదే పని. వాళ్ళు సాధించింది ఏంటంటే, షో సైజుని బట్టి కనీసం ఇంతమంది రైటర్లు ఉండాలి, ఎక్కువమంది చూసిన షోకి బోనస్, ఏఐ రాసింది రచన కింద లెక్క కాదు, రైటర్‌ని ఏఐ వాడమని బలవంతం చెయ్యకూడదు.

వాళ్ళకి ఎలా కుదిరింది, మనకెందుకు కుదరట్లేదు? నాకు ఇది అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. అక్కడ చట్టం ప్రకారం స్టూడియో కోసం రాసిన స్క్రిప్టుకి కాపీరైట్ మొదటి రోజు నుంచీ స్టూడియోదే, రైటర్‌ది కాదు. ఉద్యోగి కింద లెక్క. కానీ ఉద్యోగి కాబట్టే యూనియన్ పెట్టుకుని స్టూడియోలన్నిటితో ఒకేసారి ఒకే అగ్రిమెంటు రాయించుకోగలిగాడు. ఆ అగ్రిమెంటు కిందకి ఏ రైటరూ దిగడానికి వీల్లేదు, దిగుతానన్నా ఒప్పుకోరు. టైటిల్ కార్డు ఎవరిది అనే తగాదా వస్తే స్టూడియో తేల్చదు, గిల్డ్ తేలుస్తుంది, ముగ్గురు రైటర్లు విడివిడిగా పేర్లు తీసేసిన డ్రాఫ్టులు చదివి రైటర్ ఏ, రైటర్ బీ అని చూసి చెప్తారు. నేను ఆ పద్ధతి గురించి చదివిన రోజు నా పదిహేడు కాగితాలు గుర్తొచ్చాయి. మనకి తిరగేసి ఉంది. చట్టం హక్కు ఇచ్చింది, కానీ మనం ఫ్రీలాన్సర్లం, ప్రతివాడూ ఒక్కడే ఒక ఏసీ గదిలో కూర్చుని అవతల నలుగురి ముందు సంతకం పెడతాడు. పక్కవాడు ఎంతకి పెట్టాడో తెలీదు, అడిగితే చెప్పడు.

మనవాళ్ళకి సమ్మె చేతకాదని కాదు. మొన్న 2025 ఆగస్టు 4న మన సినీ కార్మికుల ఫెడరేషన్ వాళ్ళు 30 శాతం వేతనాలు పెంచాలని షూటింగులు ఆపారు, 18 రోజులు ఆపారు, నిర్మాతల తరఫున ఫిలిం ఛాంబర్‌తో ఎన్నో విడతలు చర్చలు జరిగి, ప్రభుత్వం కూడా దిగి, చివరికి మూడేళ్ళలో విడతలుగా 22.5 శాతం దాకా ఒప్పించారు. ఆ రోజుల్లో నేను సినిమా కార్మికుల కాలనీ చిత్రపురిలో ఉండే ఒక లైట్‌మ్యాన్ అన్న ఇంటికి వెళ్ళా. ఇంట్లో ఇద్దరు పిల్లల ఫీజులు కట్టాల్సి ఉంది, పద్దెనిమిది రోజులు బేటా (రోజు కూలి) లేదు, అయినా ఆయన "మేం రాకపోతే ఆ పొద్దున్నే తెలుస్తది సార్, లైటు వెలగదు" అన్నాడు. మనం రాకపోతే ఎవరికి తెలుస్తుంది? ఆర్నెల్ల తర్వాత, కథ లేక ఎవరో ఖాళీగా కూర్చున్నప్పుడు. ఈలోపు ఆ పని ఇంకెవరో సగం డబ్బుకి చేసేసి ఉంటారు, అప్పట్లో ఆ ఇంకెవరో నేనే. అమెరికాలో కూడా రైటర్ల సమ్మె గట్టిగా తగిలింది ఎందుకంటే లారీ డ్రైవర్ల యూనియన్ వాళ్ళు చాలామంది సమ్మెలో రైటర్లు నిలబడ్డ స్టూడియో గేటు దాటి లోపలికి వెళ్ళలేదు, దాంతో షూటింగులు ఆగిపోయాయి. ఫెడరేషన్ సమ్మె అప్పుడు మన రైటర్లం ఎంతమందిమి వాళ్ళ పక్కన నిలబడ్డాం? నేను ఒక ఇంటికి వెళ్ళొచ్చా, అంతకంటే చెయ్యలేదు, చెయ్యాల్సింది.

నిర్మాత వైపు కూడా చూడాలి, లేకపోతే నీకు బేరం ఆడటం రాదు. సినిమాలకి చాలామంది వడ్డీకి తెచ్చి పెడతారు, షూటింగ్ ఒక నెల వెనక్కి జరిగితే ఆ నెల వడ్డీ కూడా మీద పడుతుంది. నీ సిరీస్‌కైతే ప్లాట్‌ఫాం వాళ్ళు ప్రొడక్షన్ హౌస్‌తోనూ ఇలాంటి అగ్రిమెంటే రాయించుకుంటారు, హక్కులన్నీ పైకి ఇచ్చేస్తేనే వాళ్ళకి డబ్బు వస్తుంది. కాబట్టి హక్కులు ఇవ్వను అంటే అవతలివాళ్ళకి నిజంగానే దారి లేదు, అక్కడ మొండిగా కూర్చోకు. "రిలీజ్ ఆపమని కోర్టుకి వెళ్ళను" అనే క్లాజు కూడా తియ్యరు, దాన్ని ఒప్పుకో, కానీ బదులుగా కార్డూ బ్యాలెన్సూ గట్టిగా అడుగు. ఎవరైనా కేసు వేస్తే మొత్తం నష్టం రైటర్ భరించాలి అనే లైను ఉంటుంది, దాన్ని "నాకు ఇచ్చిన డబ్బు వరకే" అని తగ్గించమను. ఇవి రెండు వైపులా బతికే మార్పులు.

సంతకం కాకముందు సిరీస్ బైబిల్ (కథా పాత్రలూ మొత్తం వివరంగా ఉండే కాగితం) గానీ ఎపిసోడ్ల ఆర్డర్ గానీ పంపకు, పంపేశావంటే దాని మీద తేదీ ఉన్న మెయిల్ దాచుకో. మన తెలుగు సినీ రచయితల సంఘంలో కథ రిజిస్టర్ చెయ్యి, కాపీరైట్ ఆఫీసులో కూడా చెయ్యి, ఫీజు 500 రూపాయలు, ఆన్‌లైన్‌లోనే. కథ లైన్ నోటితో చెప్పేసి నాకు కాపీరైట్ ఉంది అనుకోవద్దు, ఐడియాకి రక్షణ లేదని సుప్రీంకోర్టు 1978లోనే తేల్చింది, రాసిన దానికే. కాబట్టి కథ వినిపించడానికి (నెరేషన్‌కి) వెళ్ళేముందు సీన్ల దాకా రాసి ఉంచుకో.

ఇంకో పని చెప్తా, ఇది నువ్వొక్కడివే చెయ్యలేవు. నీ టీమ్‌లో ఉన్న మిగతా ముగ్గురూ ఇప్పుడు ఎవరికి ఎంతకి రాస్తున్నారో కూర్చుని ఒకరికొకరు చెప్పుకోండి. ముంబైలో స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్ వాళ్ళు ఏళ్ళుగా అందరికీ ఒకే కనీస కాంట్రాక్టు కావాలని పట్టుబడుతున్నారు, ఇంకా సాధించలేదు కానీ కనీసం అక్కడ రైటర్లు క్లాజుల గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారు. మేం ఆరుగురం 2019 నుంచి నెలకోసారి యూసఫ్‌గూడలో ఒకరింట్లో కూర్చుంటున్నాం, వచ్చిన అగ్రిమెంట్లు పేర్లు కొట్టేసి తెచ్చి చదువుకుంటాం. అప్రూవల్ పదం గురించి, 19(4) గురించి నాకు తెలిసింది అక్కడే, లాయర్ దగ్గర కాదు. నువ్వు కూడా రా.

ఈలోపు ఆదివారం కూర్చుని ముప్పై పేజీలూ ఒక్కసారి పెద్దగా చదువు, ఏ లైను రెండుసార్లు చదవాల్సి వచ్చిందో దాని పక్కన పెన్సిల్‌తో గీత పెట్టు. ఆ గీతలున్న పేజీలు, కంపెనీ పేరు కొట్టేసి నాకు పంపు. సోమవారం పొద్దున్న పదింటిలోపు మెయిల్ ఎలా రాయాలో ఇద్దరం చూద్దాం.